ఇంట్లో సామాను పాడైతే ముందు మనమే చూద్దాం: రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఇళ్ల కోసం రిపేరు మార్గదర్శి

మన వైపు ఊళ్లలో మిక్సీ ఆగిపోతే పెద్ద పనే. కంపెనీ సర్వీసు సెంటరు బరంపురంలోనో, విజయనగరంలోనో, విశాఖలోనో ఉంటుంది. ఫోన్ చేస్తే మీ ఊరికి మనిషి రాడంటారు, లేదంటే వారం ఆగమంటారు. ఊళ్లో ఉన్న ఒకరిద్దరు మెకానిక్‌లకు ఎండాకాలంలో ఊపిరి సలపదు. దాంతో రాయగడ వాళ్లు మిక్సీని సంచిలో పెట్టుకుని పార్వతీపురం రైలెక్కుతారు, పర్లాకిమిడి వాళ్లు పాతపట్నం దాటి టెక్కలి దాకా పోతారు. తీరా అక్కడ విప్పి చూస్తే అరిగిపోయింది మోటారుకు కరెంటు అందించే రెండు కార్బన్ ముక్కలు. వాటి ఖరీదు రైలు ఛార్జీకీ, ఆ పూట పోగొట్టుకున్న కూలికీ సరితూగదు.

ఇంట్లో సామాను చెడిపోవడానికి ఎక్కువసార్లు కారణం చిన్న పార్టులే. వైరు, ప్లగ్గు, స్విచ్, కండెన్సర్ (కరెంటును కాసేపు నిల్వ ఉంచే చిన్న డబ్బా), కార్బన్, బెల్టు, ఫ్యూజు. వీటిని మార్చడం ఎవరికైనా వస్తుంది. కష్టమంతా ఏది పోయిందో తెలుసుకోవడంలో ఉంది. రిపేరులో ముప్పాతిక పని కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో కనిపెట్టడమే. అది నేర్చుకుంటే ఫ్యానూ, మిక్సీ, ఫ్రిజ్ అన్నీ ఒకే పద్ధతిలో లొంగుతాయి. అందుకే ఇక్కడ సామాను పేర్ల కన్నా వెతికే పద్ధతి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు ముట్టుకోకూడనివి

మైక్రోవేవ్ ఓవెన్ విప్పకండి. అందులో కండెన్సర్ మీద 2,000 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు తీసేశాక కూడా కాసేపు నిలిచి ఉండొచ్చు. పాత డబ్బా టీవీల పిక్చర్ ట్యూబ్ దగ్గర వోల్టేజి ఇంకా చాలా ఎక్కువ, 20,000 దాటుతుంది. ఇన్వర్టర్ లోపలి బోర్డు, ఉబ్బిన ఫోన్ బ్యాటరీ, ఫ్రిజ్‌లోనూ ఏసీలోనూ గ్యాసు తిరిగే గొట్టాలు కూడా నేర్చుకునే వాళ్లు చెయ్యి పెట్టాల్సిన చోట్లు కావు. కొత్త ఫ్రిజ్‌ల వెనక స్టిక్కర్ మీద ఆర్600ఏ అని ఉంటే అది మండే గ్యాసు.

మిగతా వాటికి నియమాలు తక్కువే, కానీ మినహాయింపు లేదు. విప్పే ముందు ప్లగ్గు పీకి మీ కళ్ల ముందే పెట్టుకోండి. స్విచ్ ఆపితే సరిపోదు, ఎందుకంటే చాలా పాత ఇళ్లలో స్విచ్ న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే) వైరు మీద ఉంటుంది. స్విచ్ ఆపినా సామానులోకి ఫేజ్, అంటే షాక్ కొట్టే కరెంటు, వస్తూనే ఉంటుంది. ఫ్యాను లాంటి వాటికి ప్లగ్గు ఉండదు కాబట్టి మెయిన్ ఆపాలి. తడి చేతులతో, చెప్పుల్లేకుండా పని వద్దు. పరీక్ష కోసం కరెంటు ఇచ్చేటప్పుడు ఇంట్లో ఇంకొకరు దగ్గర ఉండాలి, మెయిన్ ఎక్కడుందో వాళ్లకు తెలిసి ఉండాలి.

మీ ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే రిపేరు నేర్చుకోవడం కన్నా ముందు అది పెట్టించండి. లోడు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీ వైర్లను కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. మనిషి ఒంట్లోంచి కరెంటు భూమిలోకి పోతున్న క్షణంలోనే అది పడిపోతుంది. ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమంటోందని మన ఇళ్లలో నవ్వేసి ఊరుకుంటారు. అది ఊరుకునే సంగతి కాదు. ఎర్తింగ్ సరిగా లేదనో, లోపల ఏదో వైరు బాడీకి తగులుతోందనో అది చెబుతోంది.

పనిముట్ల సంచి

పెద్ద కిట్లు కొనకండి. రెండు మూడు సైజుల స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, నోస్ ప్లేయర్, టెస్టర్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సీసం తీగ, ఇన్సులేషన్ టేప్, పాత టూత్‌బ్రష్, ఒక చిన్న మూత డబ్బా. డబ్బా స్క్రూల కోసం. విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఏ రంగు వైరు ఎక్కడ ఉందో సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు.

డబ్బు పెట్టాల్సింది మల్టీమీటర్ మీద. ఖరీదైనది అక్కర్లేదు గానీ కంటిన్యుటీ (కరెంటు దారి తెగలేదని చూసే సెట్టింగ్) పెడితే బీప్ అనేది, వీలైతే కండెన్సర్ విలువ కూడా చూపేది తీసుకోండి. మొదట నేర్చుకోవాల్సినవి మూడే కొలతలు: ఏసీ వోల్టేజి, ఓమ్‌లు (కరెంటు దారిలో ఎంత అడ్డు ఉందో), బీప్. నల్ల వైరు ఎప్పుడూ కామన్ రంధ్రంలో ఉండాలి. ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండగా వోల్టేజి కొలవబోతే మీటర్ లోపల నేరుగా షార్ట్ అవుతుంది. ఓమ్‌లు, బీప్ చూసేటప్పుడు సామాను ప్లగ్గు పీకి ఉండాలి.

టెస్టర్‌ను గుడ్డిగా నమ్మవద్దు. ముందు కరెంటు ఉందని తెలిసిన సాకెట్‌లో పెట్టి వెలుగుతోందో లేదో చూడండి. తర్వాత మీ పని ఉన్న చోట పెట్టండి. మళ్లీ మొదటి సాకెట్‌లో పెట్టి చూడండి. మొదట్లో, చివర్లో వెలిగి మధ్యలో వెలగకపోతేనే అక్కడ ఫేజ్ లేదని అర్థం.

సిరీస్ బోర్డు

మెకానిక్ కొట్లో గోడకు ఒక బల్బు వేలాడుతూ ఉంటుంది, ఎప్పుడైనా గమనించారా? రిపేరు చేసినదాన్ని నేరుగా కరెంటులో పెట్టరు. ముందు ఆ బల్బు గుండా పోనిస్తారు. ఇంట్లో రిపేరు చేసేవాళ్లకు మల్టీమీటర్ తర్వాత అంత పనికొచ్చేది ఇదే.

ఒక చెక్క బోర్డు మీద స్విచ్, బల్బు హోల్డర్, మూడు పిన్నుల సాకెట్ బిగించండి. ఫేజ్ వైరు స్విచ్ లోకి, అక్కడి నుంచి హోల్డర్ లోకి, హోల్డర్ రెండో కొస నుంచి సాకెట్ ఫేజ్‌కు. న్యూట్రల్, ఎర్త్ నేరుగా సాకెట్‌కు. హోల్డర్‌లో 100 వాట్ల తీగ బల్బు పెట్టాలి. ఎల్‌ఈడీ బల్బు ఇక్కడ పనిచెయ్యదు. తీగ బల్బులు ఇప్పుడు అన్ని షాపుల్లో దొరకవు, పాత ఎలక్ట్రికల్ కొట్లలో అడగండి. వైరింగ్ అలవాటు లేకపోతే ఈ బోర్డు ఒక్కటీ తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత కట్టించుకోండి.

సాకెట్ ఖాళీగా ఉంటే బల్బు వెలగదు. ఇక సామాను పెట్టి చూడండి. మంచి సీలింగ్ ఫ్యాను పెడితే బల్బు కొంచెంగా వెలుగుతుంది, ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది. టీవీ గానీ, ఛార్జర్ గానీ పెడితే బల్బు ఒక్కసారి మెరిసి తగ్గిపోతుంది, అది ఆరోగ్యం. బల్బు పూర్తి వెలుగుతో నిలబడిపోతే లోపల షార్ట్ ఉంది. నేరుగా పెట్టి ఉంటే ఫ్యూజు ఎగిరేది, బోర్డు కాలేది. ఇక్కడ బల్బు అడ్డుపడి కరెంటును అర ఆంపియరు లోపే ఆపేసింది. అసలు వెలగకపోతే దారి ఎక్కడో తెగింది.

ఒక్క జాగ్రత్త. ఇస్త్రీ పెట్టె, హీటర్ లాంటివి బాగున్నా సరే బల్బు దాదాపు పూర్తిగా వెలుగుతుంది, ఎందుకంటే వాటి కాయిల్ ఓమ్‌లు చాలా తక్కువ. వాటిని మీటర్‌తోనే తేల్చుకోవాలి. ఇంకో మాట, సిరీస్‌లో ఉంది కదా అని లోపల చెయ్యి పెట్టకండి. షాక్ కొట్టడానికి ఆ కరెంటు చాలు.

సామానుదా తప్పు, లైనుదా?

విప్పే ముందు సాకెట్ వోల్టేజి చూడండి. మనకు రావాల్సింది 230 వోల్టులు. 207 నుంచి 253 మధ్య ఉంటే చాలా సామాన్లు భరిస్తాయి. సాయంత్రం పూట ఊరి చివరి ఇళ్లలో అంతకన్నా పడిపోతే ఫ్యాను నెమ్మదిస్తుంది, ఫ్రిజ్ మూలుగుతుంది. అప్పుడు ఫ్యాను కండెన్సర్ మార్చినా లాభం లేదు. పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి కొలిచి కాగితం మీద రాసి పెట్టుకోండి.

దీని కన్నా ప్రమాదకరమైంది న్యూట్రల్ ఊడిపోవడం. మన ఇళ్లకు వీధి లైను నుంచి తలా ఒక ఫేజ్, అందరికీ కలిపి ఒక న్యూట్రల్ వస్తాయి. గాలివానకు ఆ న్యూట్రల్ తెగితే రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులు ఇళ్ల మధ్య ఇష్టం వచ్చినట్టు పంచుకుంటాయి. ఒకరింట్లో బల్బులు మసకబారతాయి, పక్కింట్లో కళ్లు చెదిరేలా వెలుగుతాయి. ఆ వెలిగే ఇంట్లోనే టీవీ, ఫ్రిజ్, రౌటర్ ఒక్కసారిగా కాలిపోతాయి. బల్బులు ఉన్నట్టుండి తెల్లగా మెరిసిపోతుంటే ఆలోచించకుండా మెయిన్ ఆపండి, 1912కి ఫోన్ చెయ్యండి. దక్షిణ ఒడిశా జిల్లాల్లో 2021 జనవరి నుంచి పంపిణీ చూస్తున్నది టీపీఎస్‌ఓడీఎల్ అనే కంపెనీ, కరెంటు ఫిర్యాదు నంబరు మాత్రం అదే 1912.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లా మీద విరుచుకుపడ్డప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి తుఫాను తర్వాత లైను వచ్చిన మొదటి గంట చాలా కీలకం. పెద్ద సామాన్ల ప్లగ్గులన్నీ పీకి, ఒక్క బల్బు మాత్రం వేసి ఉంచండి. వోల్టేజి నిలకడగా ఉందని మీటర్‌లో చూశాకే ఫ్రిజ్ పెట్టండి.

ఇస్త్రీ పెట్టెతో మొదలుపెట్టండి

నేర్చుకోవడానికి దీన్ని మించిన సామాను లేదు. లోపల ఉండేవి కొన్నే, ప్రతిదీ కంటికి కనిపిస్తుంది.

ముందు ఒక లెక్క. 230ని 230తో గుణిస్తే 52,900. దీన్ని సామాను మీద రాసిన వాట్లతో భాగిస్తే కాయిల్ ఎన్ని ఓమ్‌లు చూపాలో వస్తుంది. 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టెకు 53, 750 వాట్లకు 70, 1,500 వాట్ల వాటర్ హీటర్ రాడ్‌కు 35, 2,000 వాట్ల గీజర్‌కు 26. ఈ లెక్క గుర్తుంటే వేడి చేసే ప్రతి సామానునూ విప్పకుండానే పరీక్షించొచ్చు.

ప్లగ్గు పీకి, పెట్టె డయల్ ఎక్కువ వేడికి తిప్పండి. మీటర్ 200 ఓమ్‌ల మీద పెట్టి ప్లగ్గు కింది రెండు పిన్నులకు తాకించండి. 53 దగ్గర చూపితే పెట్టె బాగుంది, సాకెట్ చూసుకోండి. ఎడమ పక్కన ఒక్క 1 చూపి ఊరుకుంటే దారి తెగింది.

తెగింది ఎక్కడ? ఎక్కువసార్లు వైరులోనే, అదీ పెట్టెలోకి దూరే చోట. రోజూ అటూ ఇటూ వంగేది అక్కడే కదా. మీటర్ పిన్నులకు అలాగే పట్టించి ఇంకొకరిని పట్టుకోమని, మీరు వైరును పెట్టె మూల దగ్గర పట్టుకుని మెల్లగా వంచండి, నొక్కండి, లోపలికి తొయ్యండి. ఏదో ఒక వంపులో అంకె ఒక్కసారి 53కి వచ్చి మళ్లీ పోతుంది. ఆ స్థలాన్ని గోటితో పట్టుకుని గుర్తు పెట్టండి. అక్కడ పైన గుడ్డ తొడుగు బాగానే ఉంటుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగి నల్లబడి ఉంటాయి. ఆ ముక్క కత్తిరించి మిగతా వైరు బిగించొచ్చు, పొడవు చాలకపోతే ఇస్త్రీ పెట్టె కోసమే అమ్మే గుడ్డ తొడుగు మూడు వైర్ల త్రాడు కొనండి. మామూలు ప్లాస్టిక్ వైరు వేడికి కరుగుతుంది.

వైరు బాగుంటే వెనక మూత విప్పండి. అక్కడి నుంచి వరసగా వెళ్లండి. వైరు కొస నుంచి థర్మోస్టాట్‌కు (వేడి చాలినప్పుడు కరెంటు ఆపే స్విచ్) బీప్ వస్తోందా? థర్మోస్టాట్ దాటాక? థర్మల్ ఫ్యూజు (మరీ కాగితే తెగిపోయేది) దాటాక? కాయిల్ రెండు కొసల మధ్య? (కాయిల్‌కు బీప్ రాకపోవచ్చు, ఓమ్‌ల మీద పెట్టి 53 దగ్గర చూపుతోందో లేదో చూడండి.) బీప్ వచ్చిన చివరి చోటుకీ రాని మొదటి చోటుకీ మధ్య ఉన్నదే పాడైన పార్టు. థర్మోస్టాట్ పాయింట్లు నల్లబడి ఉంటే సన్నని గరుకు కాగితంతో తుడిస్తే చాలు. థర్మల్ ఫ్యూజు పోతే అదే ఉష్ణోగ్రత రాసి ఉన్న కొత్తది వెయ్యండి. దాని బదులు తీగ ముక్క కట్టేవాళ్లున్నారు, అలా కట్టిన పెట్టె ఒకరోజు మంచం మీద దుప్పటిని అంటిస్తుంది. వేడి పార్టుల దగ్గర సీసంతో అతకకండి. సీసం తీగ 190 డిగ్రీల లోపే కరుగుతుంది, పెట్టె అంతకు మించి కాగుతుంది. అక్కడ స్క్రూ గానీ, నొక్కే స్లీవ్ గానీ వాడాలి.

మూత బిగించాక ఇంకో రెండు కొలతలు తప్పనిసరి. ప్లగ్గు పైన లావు పిన్నుకూ ఇనుప అడుగుకూ మధ్య బీప్ రావాలి, అది ఎర్త్. అదే లావు పిన్నుకూ కింది పిన్నులు రెండింటికీ మధ్య మీటర్‌ను పెద్ద రేంజిలో పెట్టినా ఏమీ చూపకూడదు. చూపిందంటే కాయిల్ బాడీకి తగులుతోంది, ఆ పెట్టె వాడొద్దు. గీజర్, రైస్ కుక్కర్, రాడ్ అన్నింటికీ ఇదే వరస.

ఫ్యాను

ఫ్యాను ఫిర్యాదులు రెండు రకాలు. తిరగడం లేదు, నెమ్మదిగా తిరుగుతోంది. రెండింటికీ మొదటి అనుమానం కండెన్సర్ మీదే.

స్విచ్ వేస్తే సన్నగా మూలుగుతూ కదలకుండా ఉందా? పొడుగాటి కర్రతో రెక్కను నెమ్మదిగా తోసి చూడండి. తోస్తే అందుకుని తిరిగితే కండెన్సర్ పోయిందన్నమాటే. మెయిన్ ఆపి, నిచ్చెన గట్టిగా ఉందో లేదో చూసుకుని పైన గిన్నె మూత దించండి. కండెన్సర్ తెల్లగానో నల్లగానో చిన్న డబ్బాలా ఉంటుంది, సీలింగ్ ఫ్యాన్లకు సాధారణంగా 2.5 మైక్రోఫారడ్, 440 వోల్టులు అని రాసి ఉంటుంది. ఫోటో తీసి, సిరీస్ బోర్డు బల్బును హోల్డర్‌తో విడిగా తీసి దాని రెండు వైర్లు కండెన్సర్ కొసలకు తాకించండి, మిగిలిన ఛార్జి పోతుంది. మీటర్‌లో 2 కన్నా తక్కువ చూపినా, డబ్బా ఉబ్బినా మార్చెయ్యాలి. కొత్తది వంద రూపాయల లోపే.

అదే విలువ వెయ్యండి. ఎక్కువ విలువది వేస్తే స్పీడు పెరుగుతుందని కొందరు 3.5, 4 వేయిస్తారు. ఆ స్పీడుతో పాటు వైండింగ్ (మోటారు లోపలి రాగి తీగ చుట్లు) వేడీ పెరుగుతుంది, రెండు ఎండాకాలాల్లో ఫ్యాను కాలుతుంది.

కండెన్సర్ మార్చినా తిరగకపోతే మోటారులోంచి వచ్చే మూడు వైర్లను రెండేసి చొప్పున కొలవండి. మూడు అంకెలు వస్తాయి. అన్నింటికన్నా పెద్దది మిగతా రెండింటి మొత్తానికి సమానంగా ఉంటే వైండింగ్ బాగుంది. ఏదైనా జత ఏమీ చూపకపోతే వైండింగ్ తెగింది, అది వైండింగ్ షాపు పని. ఇంట్లో పరీక్ష చేసి తీసుకెళ్తే "కాయిల్ పోయింది" అని వాళ్లు చెప్పే మాట మీకు ముందే తెలిసి ఉంటుంది. పెద్ద చప్పుడు చేస్తే బేరింగులు. చాలా ఫ్యాన్లలో 6201, 6202 నంబర్లవి ఉంటాయి, నంబరు బేరింగ్ మీదే చెక్కి ఉంటుంది.

రెగ్యులేటర్ మీద అనుమానముంటే మెయిన్ ఆపి, దాన్ని తప్పించి రెండు వైర్లూ కలిపి టేప్ చుట్టి చూడండి. ఫ్యాను పూర్తి స్పీడుతో తిరిగితే రెగ్యులేటరే దొంగ. బీఎల్‌డీసీ ఫ్యాన్లకు (తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం) ఇవేవీ వర్తించవు, వాటిలో కండెన్సర్ బదులు ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది.

ఫ్యాను దించి మళ్లీ ఎక్కించేటప్పుడు పైన కొక్కేనికి తగిలించే బోల్టు, దాని రబ్బరు బుష్, బోల్టు చివర దూర్చే పిన్ను మూడూ ఉన్నాయో లేదో రెండుసార్లు చూడండి. ఆ పిన్ను వెయ్యకపోతే బోల్టు అదురుకు నెమ్మదిగా ఊడుతుంది. కింద పిల్లలు పడుకుంటారు.

గ్రైండర్, మిక్సీ

గుణుపురంలో మా వీధి పిన్ని ఒకావిడ గ్రైండర్ గురించి పిలిచింది.

"ఏటయిందో ఏటో బాబూ, రాయి తిరగడం లేదు. బెల్టు కూడా మార్పించీసాను."

"స్విచ్ వేస్తే ఏం వినిపిస్తోంది పిన్నీ?"

"మూలుగుతాది. అంతే."

"బెల్టు తీసేసి మోటారు ఒక్కదాన్ని చేత్తో తిప్పావా?"

"తేలిగ్గానే తిరిగింది."

ఈ రెండు జవాబులతోనే విషయం తేలిపోయింది. మోటారు బాగా తిరుగుతూ రాయి ఆగితే బెల్టు. మోటారే మూలిగి ఆగితే ఒకటి ఎక్కడో బిగుసుకోవాలి, లేదా కండెన్సర్ పోవాలి. చేత్తో తేలిగ్గా తిరిగింది కాబట్టి బిగుసుకోలేదు. ఫ్యాను కర్ర పరీక్షా, ఇదీ ఒకటే. కండెన్సర్ వేశాక మర్నాటికి పిండి రుబ్బింది. బెల్టు డబ్బులు మాత్రం వృథా. చూడకుండా పార్టు మారిస్తే అంతే.

మిక్సీలో మోటారును తిప్పే కండెన్సర్ ఉండదు, కార్బన్ బ్రష్‌లు ఉంటాయి. మిక్సీ ఉన్నట్టుండి ఆగితే ముందు తిరగేసి అడుగున ఎర్ర బటన్ చూడండి. మిక్సీ జారు (గిన్నె) బిగుసుకుపోయినా, ఎక్కువసేపు నడిపినా అది బయటికి తన్నుకుంటుంది. పది నిమిషాలు చల్లారనిచ్చి నొక్కితే చాలు. ఎర్ర బటన్ సంగతి తెలియక మిక్సీలు ఊరు దాటిపోతున్నాయి, అందుకే ఇంతగా చెబుతున్నాను.

బటన్ సరిగ్గానే ఉండి మిక్సీ ఆగుతూ సాగుతూ ఉంటే, గాలి రంధ్రాల్లో నిప్పురవ్వలు ఎక్కువగా కనిపిస్తుంటే కార్బన్లు అరిగాయి. రెండూ ఒకేసారి మార్చండి, పాతవి షాపుకు తీసుకెళ్లి అదే కొలతవి తెచ్చుకోండి. మోటారు బాగా తిరుగుతూ జారు తిరగకపోతే జారును మోటారుకు కలిపే రబ్బరు కప్లర్ పళ్లు అరిగాయి. కప్లర్ ఊడదీయడానికి అడుగున మోటారు ఇరుసును కదలకుండా పట్టి, మోటారు తిరిగే దిక్కులోనే కప్లర్‌ను తిప్పాలి. వాడే కొద్దీ బిగిసేలా దాని మరలు ఉంటాయి గనక ఎదురు దిక్కులో బలం పెడితే ఇంకా బిగుస్తుంది. కాలిన వాసన వచ్చి, ఇరుసు చుట్టూ ఉన్న రాగి పలకలు నల్లగా మాడి ఉంటే ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) పోయింది. అప్పుడు కొత్త మోటారు ధర కనుక్కుని ఆలోచించండి.

ఫ్రిజ్

గ్యాసు జోలికి పోకుండానే ఫ్రిజ్ కోసం చేసుకోగలిగినవి చాలా ఉన్నాయి. తలుపు రబ్బరు మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగండి. చుట్టూ అన్ని చోట్లా కాస్త బిగువుగా రావాలి. జారిపోయే చోట చల్లదనం కారిపోతోంది, రబ్బరును వేడి నీటి గుడ్డతో తుడిచి లాగి సరిచెయ్యండి. వెనక నల్ల జాలీ ఉన్న మోడల్ అయితే ప్లగ్గు తీసి దుమ్ము దులపండి.

ఫ్రీజర్‌లో గడ్డకట్టిన ఐసును కత్తితో, స్క్రూడ్రైవర్‌తో పొడవకండి. లోపలి అల్యూమినియం గోడలోనే గ్యాసు తిరుగుతుంది, ఒక్క గుచ్చుతో గ్యాసంతా పోతుంది. ఆపి, తలుపు తెరిచి కరగనివ్వండి.

కొన్ని నిమిషాలకోసారి "టిక్" మని చప్పుడు చేసి ఆగిపోతుంటే కంప్రెసర్ ఎత్తుకోలేకపోతోంది. వోల్టేజి చూడండి. అది బాగుంటే కంప్రెసర్ పక్కన తొడిగి ఉండే స్టార్టింగ్ రిలే మీద అనుమానం. ప్లగ్గు తీసి రిలే ఊడదీసి ఆడిస్తే లోపల ముక్కలు గలగలమంటుంటే అది విరిగింది. కంప్రెసర్ మూడు పిన్నులకూ ఫ్యాను మూడు వైర్ల లెక్కే వర్తిస్తుంది, పెద్ద అంకె మిగతా రెండింటి మొత్తం. కరెంటు పోయి వచ్చిన వెంటనే ఫ్రిజ్ వెయ్యకండి, ఐదు నిమిషాలు ఆగితే లోపలి ఒత్తిడి సర్దుకుంటుంది.

ఎల్‌ఈడీ బల్బుల గురించి ఒక్క మాట. మూత తీస్తే ఏదో ఒక గింజ మధ్యలో నల్ల చుక్క కనిపిస్తుంది. గింజలన్నీ వరసగా కలిపి ఉండటం వల్ల ఒకటి పోతే మొత్తం ఆరిపోతుంది. ఆ నల్ల గింజను సీసంతో కలిపేసి వెలిగించే పద్ధతి నేను చెప్పను, మిగిలిన వాటి మీద భారం పెరిగి కొన్నాళ్లకే పోతుంది. ప్లేటే మార్చుకోండి.

వానాకాలం పనులు

మన వైపు జూన్ నుంచి అక్టోబరు దాకా గాలిలో తేమ వదలదు. స్విచ్ బోర్డుల్లో చీమలు చేరతాయి. స్విచ్ వేస్తే ఒక్కోసారి పడి ఒక్కోసారి పడకపోతే మెయిన్ ఆపి విప్పి చూడండి, పాయింట్ల మధ్య చీమలు నలిగి నల్లటి పొరలా పేరుకుని ఉంటాయి. పొడి బ్రష్‌తో తుడిస్తే సరి. మందు కొట్టకండి, ఆ తడి పాయింట్ల మీద నిలిచిపోతుంది.

వాన నీళ్లు పడిన మిక్సీని, మునిగిన పంపు మోటారును "ఆరిపోయిందిలే" అని వేసెయ్యొద్దు. మూత విప్పి రెండు మూడు రోజులు ఎండలో గాలి తగిలేలా పెట్టి, ఇస్త్రీ పెట్టెకు చెప్పిన ఎర్త్ కొలత చూసి, తర్వాత సిరీస్ బోర్డులో పెట్టండి. పిడుగులు పడుతున్నప్పుడు టీవీ ప్లగ్గుతో పాటు కేబుల్ వైరు, రౌటర్ వైరు కూడా పీకాలి. పిడుగు వాటి గుండా కూడా లోపలికి వస్తుంది.

మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే

వారంటీ ఉన్న సామాను విప్పకండి. సీలు చిరిగితే వారంటీ పోయిందంటారు. వారంటీ లేనిదైతే మీరు కొలిచినవన్నీ రాసి తీసుకెళ్లండి. "పనిచెయ్యడం లేదు" అనే బదులు "వైరు బాగుంది, కండెన్సర్ 2.4 చూపుతోంది, వైండింగ్ ఒక జత తెగింది" అంటే ఆయనకు సగం పని తగ్గుతుంది, మీకూ ఖర్చు తగ్గుతుంది. మార్చిన పాత పార్టు వెనక్కి ఇమ్మని అడగండి. మంచి మెకానిక్ అడక్కుండానే ఇస్తాడు. విడి భాగాలు, సర్వీసు సమాచారం కోసం కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, గృహోపకరణాలు అందులో ఒక విభాగం. సర్వీసు విషయంలో అన్యాయం జరిగిందనుకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఇంట్లో పిల్లలకు ఈ పని మీద మనసుంటే పక్కన కూర్చోబెట్టుకుని ప్లగ్గు బిగించడం, బీప్ చూడటం నేర్పండి. పదో తరగతి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్లు, ఫ్రిజ్, ఏసీ మెకానిక్ కోర్సు కూడా అంతే. మన ఊళ్లలో ఆ పని తెలిసినవాళ్లకు కొరత.

పాడైన సామాను పారెయ్యబోయే ముందు స్క్రూలు, మూడు పిన్నుల వైర్లు, బాగున్న స్విచ్‌లు, కప్లర్లు తీసి డబ్బాలో దాచుకోండి, వచ్చే రిపేరుకు అక్కరకొస్తాయి. ఉబ్బిన బ్యాటరీలు, పగిలిన ట్యూబ్‌లైట్లు చెత్తకుప్పలో పడెయ్యకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. పాత కండెన్సర్లు మాత్రం దాచకండి. కొత్తది కొనేటప్పుడు నమూనాగా చూపించి ఆ కొట్లోనే వదిలేసి రండి.